సైరన్ లేకుండా వచ్చిన గాలి

మా వాడలో భయమేస్తే బయటికి పరుగెత్తుతాం. మిగతా ఊళ్లలో జనం లోపలికి పోయి తలుపులేసుకుంటారని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

ఊరి పక్కనే ఓపెన్‌కాస్ట్ బొగ్గు గని. మధ్యాహ్నం సైరన్ కూస్తుంది, కాసేపటికి బ్లాస్టింగ్ చేస్తారు, ఇళ్ల మీద పెంకులు కదులుతాయి. జారే పెంకుకు ఎవరి నెత్తి అనే పట్టింపు ఉండదు కాబట్టి, పొయ్యి మీద పప్పు మాడినా సరే, అందరం వచ్చి వాడ మధ్య ఖాళీ జాగాలో నిలబడతాం. మా పిల్లలు నడక కంటే ముందు ఇది నేర్చుకుంటారు.

నేను ప్రైవేటు బడిలో సోషల్ చెబుతాను. సుడిగాలి పుట్టాలంటే నేల కాగాలని, అందుకే అది ఎండాకాలపు వ్యవహారమని, చలికాలంలో రాదని బోర్డు మీద బాణాలు గీసి మరీ చెప్పేవాణ్ని. బాణాలు బాగా గీసేవాణ్ని.

ఆ జనవరిలో మూడు రోజులు మబ్బు విడవలేదు. మా వైపు చలి సంగతి చెప్పాలంటే, పాలు పొంగడానికి కూడా బద్ధకించే చలి. రెండో శనివారం, బడి లేదు. భోజనం చేసి కూర్చున్నాను. గుట్టల వైపు నుంచి, డంపర్లు వరసపెట్టి రాళ్లు గుమ్మరిస్తున్నట్టు మోత మొదలైంది. ఆగకుండా పెరిగింది.

"బ్లాస్టింగ్! బయటికి రాండ్రి!" అని అరిచింది నేనే. వాడంతా వచ్చింది. పక్కింటి తలుపు మాత్రం తెరుచుకోలేదు.

పక్కింట్లో ఉండేది పొద్దున్నే బజ్జీలు వేసి అమ్మే ఆవిడ. చుట్టం కాదు, వరసకు అత్త. అత్త అన్నాక అల్లుడికి ఎగతాళి హక్కు ఉంటుంది, నేను దాన్ని ఎన్నడూ వృథా పోనివ్వలేదు. వెళ్లి తలుపు కొట్టాను.

"ఏందత్తా, పిలుపు పంపాల్నా నీకు?"

"సలి పెడుతుంది అల్లుడా. కుంపటి ఇడిసి నేను రాను. పెంకు పడితే పడనీయ్."

"నువ్వు పోతే నిర్మల్ నుంచి నీ బిడ్డొచ్చి నా గల్ల పట్టుకుంటది. రా జర."

"సైరనే కూయలే గదరా?"

"సైరన్ కొట్టెటోనికి గుడ సలే అత్తా. శాలువల నుంచి చేతులు తీస్తలేడు."

అత్త నవ్వింది. పళ్లు లేని నోటితో, భుజాలు ఊగిపోయేలా. నవ్వుతూనే తలుపు తీసి, దుప్పటి కప్పుకుని, నా వెనకే వచ్చి అందరి మధ్య నిలబడింది.

ముందు వడగళ్లు పడ్డాయి, శనగగింజలంతవి. తర్వాత గని మట్టిగుట్ట వెనక నుంచి నల్లటి స్తంభం ఒకటి లేచి, తిరుగుతూ మా వైపు వచ్చింది. అప్పుడు నేను పరుగెత్తండి అనలేదు. "ఇది రావద్దు గదా" అన్నాను. పైకే అన్నాను. పాఠం తప్పు చదివిన పిల్లవాడితో అన్నట్టు.

సైకిల్ షాపు పైకప్పు రేకు ఎగిరి వచ్చి అత్తకు తగిలింది. ఇంకెవరికీ ఏమీ కాలేదు. దీని గురించి ఇంతకంటే రాయడం నాకు చేతకాదు.

ఆమెను పడుకోబెట్టడానికి మంచం తెద్దామని ఆమె ఇంట్లోకి వెళ్లాను. ఒక్క పెంకు కదల్లేదు. కుంపట్లో బొగ్గులు ఎర్రగా ఉన్నాయి. పక్కన చాయ్ గ్లాసు, దాని మీద సాసరు మూత. గ్లాసు ముట్టుకుంటే ఇంకా వేడిగా ఉంది. ఆ వేడి ఇప్పటికీ నా వేళ్ల మీద ఉంది. చాయ్ మానేసి చూశాను, పోలేదు.

ఆస్పత్రికి తీసుకుపోయేలోపే అత్త పోయింది. దినాల లోపే వాడలో కథ తయారైంది: సారు తన ప్రాణం చూసుకోకుండా పోయి ముసలామెను కాపాడబోయిండు. అత్త అల్లుడు, అంటే అసలు అల్లుడు, నా రెండు చేతులూ పట్టుకుని, "మీరొక్కరన్నా యాది చేసిన్రు సార్" అని ఏడ్చాడు. నేను తలూపాను. తలూపడం తేలిక.

ఆ తర్వాత గోడ అవతల నుంచి నవ్వు వినబడటం మొదలైంది, పళ్లు లేని నవ్వు. సైన్సు ప్రకారం వినబడకూడదు. సైన్సు మీద నాకు అప్పటికే కొంచెం పట్టు తప్పింది.

సంవత్సరీకానికి నిర్మల్ నుంచి కూతురు వచ్చింది. అంతా అయ్యాక సామాన్లు సర్దుతూ పిలిచింది.

"బావా, జర గీ మూకుడు పట్టు. తాళంచెవి నీ దగ్గర్నే పెడ్త. అవ్వ కోసం అంత చేసినోనివి, నీకు గాక ఎవరికిస్త?"

మూకుడు పట్టుకునే చెప్పాను. "మరదలా, మీ అవ్వ రానన్నది. సలి అన్నది. నేనే నవ్విచ్చి బయటికి తోల్కొచ్చిన. లోపల్నే ఉంటే ఆమెకు ఏం కాకపోతుండె."

ఆమె చేతిలోని గిన్నె కింద పెట్టింది. "ఏమని నవ్విచ్చినవ్?"

చెప్పాను. శాలువ సంగతి చెప్పేటప్పుడు నా గొంతు, అలవాటు కొద్దీ, జోకు చెప్పే గొంతులాగే వచ్చింది. అది నేను ఆపలేకపోయాను.

ఆమె కుంపటి వైపు చూసింది. "ఏడాది సంది మా ఆయన నీ పేరు తల్సుకొని రోజు దండం పెడ్తుండు," అంది. "నీకు మనసెట్ల ఒప్పింది బావా?"

బడిలో ప్రశ్నలు నేను వేస్తాను, నాకెవరూ వేయరు.

మూకుడు నా చేతిలోంచి తీసుకుంది. తలుపు దగ్గరికి లాగి తాళం వేసింది. ఎదురింటావిడను పిలిచి తాళంచెవి ఆమె చేతిలో పెట్టింది. మా ఇంటి ముందు నుంచే నడిచి వెళ్లి ఆటో ఎక్కింది. నేను గుమ్మంలోనే నిలబడి ఉన్నాను.