మేస్త్రి చేతి మొదటి లైటు

ఏలూరులో ఏ వీధిలోకి వెళ్లినా మా నాన్న వైరింగు చేసిన ఇల్లు ఒకటైనా ఉంటుంది. ఆయన పనిచేసిన ఇళ్లలో ఒక ఆనవాయితీ ఉండేది. గృహప్రవేశం నాడు పాలు పొంగాక, మొదటి లైటు వైరింగు మేస్త్రి చేత్తోనే వేయించేవారు. నాన్న మనసులో బిస్మిల్లా అనుకుని స్విచ్చి నొక్కితే, పక్కన ఇంటాయన గోవిందా అని దండం పెట్టుకునేవారు. తర్వాత నాన్నకు కొత్త బట్టలు పెట్టేవారు. ఆ రోజు నాన్న నడకే వేరుగా ఉండేది.

తర్వాత పెద్ద టెక్నాలజీ కంపెనీలు వచ్చాయి. ఫోన్లలో ఉన్నంతకాలం వాటితో మాకు పేచీ లేదు. అక్కడితో ఆగితేగా? గోడల్లోకి, బల్బుల్లోకి దూరాయి. చెబితే వెలిగే లైట్లు, వేలు తగిలితే తిరిగే ఫ్యాన్లు. కట్టుకునేవాళ్లంతా అవే కావాలన్నారు. నాన్నకు పిలుపులు తగ్గాయి. నేను వెళ్లి ఒక కంపెనీ సామాను బిగించే పనిలో చేరాను. చేతికి అందివచ్చిన కొడుకునని చుట్టాలు మెచ్చుకున్నారు. నాన్న పని లాక్కున్నది నేనేనని ఒక్కరూ అనలేదు. నాకు మాత్రం తెలుసు.

పోయినేడు వట్లూరులో ఒక బట్టల వ్యాపారి ఇల్లు కట్టుకున్నారు. టౌన్లో ఆయన పాత ఇంటికి వైరింగు నాన్నదే. కొత్త ఇంటికి సామాను కంపెనీది, బిగించింది నేను. అయినా ఆయన స్వయంగా మా ఇంటికి వచ్చారు.

"మేస్త్రి గారూ, మొదటి లైటు మీరే వెయ్యాలండీ. మీ చెయ్యి పడితేగానీ నాకు తృప్తిగా ఉండదండీ."

నాన్న వారం ముందే చొక్కా ఇస్త్రీ చేయించుకున్నాడు.

ఆ ఉదయం హాల్లో అందరూ చుట్టూ నిలబడ్డారు. గోడకు స్విచ్చిలు లేవు, నల్లటి అద్దం పలక ఉంది. నాన్న దాని మీద వేలు ఆనించాడు. లైటు వెలగలేదు. హడావిడిలో ఆ పలకకు కనెక్షన్ ఇవ్వడం నేనే మర్చిపోయాను. సిగ్గుతో చచ్చిపోయాను. ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ లైట్లు పలకతో పనిలేకుండా ఫోనుతో కూడా వెలుగుతాయి. నేను జనం వెనక్కి జరిగి జేబులోంచి ఫోను తీశాను. నాన్న మళ్లీ వేలు ఆనించాడు. సరిగ్గా అప్పుడే ఫోనులో నొక్కాను. హాలంతా వెలిగింది. అందరూ చప్పట్లు కొట్టారు, ఇంటాయన నాన్న చేతులు రెండూ పట్టుకున్నారు. నాన్న పరువు నిలబెట్టానని లోపల కాస్త గర్వపడ్డాను కూడా.

తిరిగి వస్తుంటే రైలు గేటు దగ్గర బండి ఆపాను. వెనక కూర్చున్న నాన్న అప్పుడు అన్నాడు.

"ఆ పలకలో కరెంటు లేదురా. మొదటిసారి ముట్టుకున్నప్పుడే తెలిసింది."

"మరి మళ్లీ ఎందుకు ముట్టుకున్నావు నాన్నా?"

"నువ్వు ఫోను తీయడం చూశాను. బిగించినవాడు మర్చిపోయాడని పదిమందికీ తెలిస్తే, రేపు నీకు పనెవరిస్తార్రా?"

అదే ఆయనకు ఆఖరి పిలుపు. నాకు మాత్రం ఇప్పుడు చేతినిండా పని ఉంది.