మెతుకులతో అతికిన పుస్తకం

1978 జూన్‌లో నన్ను ఆత్మకూరు నుంచి ఉదయగిరికి బదిలీ చేశారు. అక్కడి జూనియర్ కాలేజీలో లైబ్రేరియన్ పోస్టు. హోదాలో లెక్చరర్లకు కింద, గుమాస్తాకు పైన. నా అధికారమంతా లైబ్రరీ గడప లోపలే. ఆ లోపల మాత్రం నేను ఎవరినీ లెక్కచేసేవాణ్ణి కాదు.

ప్రతి విద్యార్థికీ రెండు టిక్కెట్లు ఉండేవి. టిక్కెట్టంటే పేరు రాసిన చిన్న అట్ట సంచి. పుస్తకం ఇచ్చేటప్పుడు అందులోని కార్డు తీసి ఆ సంచిలో పెట్టి మా దగ్గర ఉంచుకుంటాం. టిక్కెట్టు రద్దయితే ఇక పుస్తకం రాదు. చేరిన మొదటి వారంలోనే పిల్లలందరినీ నిలబెట్టి పాఠం చెప్పాను. అన్నం తిన్న చేయి కడుక్కునే పుస్తకం పట్టాలి. వేలు నాలుకకు తడుపుకుని పేజీ తిప్పకూడదు, ఒకరి ఉమ్మి ఇంకొకరి నోటికి చేరి జబ్బులొస్తాయి. మూలలు మడవకూడదు. చిరిగితే ఆ రోజే అతికించాలి.

మరుసటి ఏడు ఫిబ్రవరిలో, పరీక్షలకు మూడు వారాలుందనగా, రెండో సంవత్సరం చదివే శంషాద్ జువాలజీ పుస్తకం గడువు పెంచమని తెచ్చింది. కాలేజీ మొత్తానికి అదొక్కటే ప్రతి. చూస్తే పుస్తకం వీపును బొద్దింకలు కొరికేశాయి. నాలుగు పేజీలు ఒకదానికొకటి అంటుకుపోయాయి. మధ్యలో ఎండిన అన్నం మెతుకులు.

"తింటా చదివినావా?" అని కేకేశాను.

"లేదు సార్, మీరే గదా..." అంది. ఎదురు మాట్లాడుతోందనుకుని నోరు మూయించాను. రెండు టిక్కెట్లూ రద్దు చేసి, పుస్తకం బీరువాలో పెట్టి తాళం వేశాను. అది లేకుండా ఆ పిల్లకు పరీక్షకు చదవడం కుదరదని నాకు తెలుసు. తెలిసే చేశాను.

మర్నాడు పొద్దున్నే వాళ్ల నాయన ఖాదర్ బాషా వచ్చాడు. కొయ్య గరిటెలు చెక్కే మనిషి, చొక్కా మీద పొట్టు ఇంకా అలాగే ఉంది. గడప బయటే నిలబడ్డాడు.

"మీరే అతికించమన్నారంట గదా సార్. మా ఇంట్లో కాగితం ఏది చినిగినా మెతుకులతోనే అతికిస్తాం. పుస్తకం ఇంటికి ఇయ్యబాకండి. ఈడే కూర్చోని చదువుకుంటాది. అంతమటుకు ఒప్పుకోండి."

రూలు రూలేనని నేను చెప్పబోతుంటే, మా అటెండరు పెంచలయ్య నాలుగైదు పుస్తకాలు తెచ్చి బల్ల మీద పెట్టాడు. వాటి వీపు మీద నంబరు చీటీలు సగం ఊడి ఉన్నాయి. కింద అవే మెతుకులు.

"జిగురు సీసా ఎండిపోయి మూడు నెలలైంది సార్. ఇండెంటు రాయమని రెండు మాట్లు చెప్పినా. రాస్తాంలే అన్నారు. నా క్యారేజీలో మెతుకులు పెట్టి అంటించినా."

ఇండెంటంటే సరుకు పంపమని పైకి రాసే కాగితం. అది రాయాల్సింది నేనే. గురివింద గింజకు తన కింద నలుపు తెలియదని ఊరికే అనలేదు. నాకు చాలా సిగ్గేసింది.

ఆ మధ్యాహ్నమే శంషాద్‌ను పిలిచి, తప్పు నాదని చెప్పి టిక్కెట్లు తిరిగి ఇచ్చాను. అంటుకున్న పేజీలు విడదీస్తే అక్షరాలు ఊడి వచ్చాయి. లెక్చరర్ గారి సొంత పుస్తకం అడిగి తెచ్చి, ఆ నాలుగు పేజీలూ తెల్ల కాగితాల మీద నేనే రాశాను. కప్ప గుండె బొమ్మ నా చేతికి రాలేదు, శంషాదే వేసింది. ఆత్మకూరులో ఒక బైండరు దగ్గర నేర్చుకున్న పద్ధతిలో మైదా ఉడికించి, పురుగు పట్టకుండా చిటికెడు మైలుతుత్తం కలిపి అతికించాం. అది విషం, చేతులు బాగా కడుక్కోమన్నాను.

"మీరు గూడా కడుక్కోండి సార్" అంది.

ఆ పిల్ల జువాలజీ పాసైంది. ఆ పుస్తకం నేను అక్కడ ఉన్నన్నాళ్లూ చేతులు మారుతూనే ఉంది.

జిగురు ఇవ్వకుండా అతికించమన్నవాడికి మెతుకులు చూసి కేకలేసే హక్కు లేదు. తర్వాతి జూన్ నుంచి, పుస్తకం చిరిగితే మీరు ముట్టుకోవద్దు, నా దగ్గరికి తెండి అని చెప్పాను. రిటైరయ్యేదాకా ప్రతి ఏడూ ఆ పాఠం చెప్పే ముందు జిగురుకు ఇండెంటు రాశాను.