మెర్సీ మంచం దిగిన మధ్యాహ్నాలు

కరోనా సెలవులు ముగిసి బళ్లన్నీ మళ్లీ తెరిచిన ఏడాది, జూన్ రెండో వారంలో, హన్మకొండలోని ఒక ప్రైవేటు శిశు సంరక్షణ కేంద్రంలో అసిస్టెంట్ కేర్‌టేకర్‌గా చేరాను. అప్పటికి నా డిగ్రీ పూర్తయి రెండు నెలలు. మూడేళ్లు అక్కడ పనిచేసి మానేశాను. ఇప్పుడు చేసే పనికి పిల్లలతో సంబంధం లేదు. కానీ ఆ మూడేళ్లూ రోజూ ఇంటికి వెళ్లగానే డైరీ రాసేదాన్ని కనుక, రెండో ఏడాది జరిగిన ఈ సంగతి రోజువారీగా నా దగ్గర ఉంది.

కేంద్రానికి పెద్ద సూపర్‌వైజర్ మేడం. ఆమె తర్వాత సీనియర్ ఆయమ్మ సమ్మక్క, పద్దెనిమిదేళ్ల అనుభవం ఉన్న మనిషి. ఆ తర్వాత నేను. చదువు నాకు ఎక్కువే అయినా, ఏడుపు విని అది ఆకలో కడుపునొప్పో చెప్పగలిగింది సమ్మక్కే. నేను నలుగురిలో మాట్లాడే మనిషిని కాను. రిజిస్టర్లు రాసే పని నాకు అప్పగించినప్పుడు లోపల సంతోషించాను.

మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడు దాకా పడక వేళ. చిన్నపిల్లలు కాట్లలో పడుకుంటారు. కాట్ అంటే చుట్టూ ఊచలున్న చిన్న చెక్క మంచం. పిల్ల ఆ ఊచ మీదికి మోకాలు ఎత్తిన రోజున రిజిస్టర్‌లో ఆ మాట రాసి, మర్నాటి నుంచి పెద్ద హాల్లో జానెడు ఎత్తున్న మంచానికి మార్చాలి. ఊచ దాటి పడితే తల నేలకు తగులుతుంది కదా, అందుకు. మార్చాక పదిహేను పనిదినాలు గమనించాలి. ఆ గడువులోగా పిల్ల మంచం మీద ఉండడం అలవాటు చేసుకోకపోతే, ఇకమీదట సగం పూటే, అంటే మధ్యాహ్నం ఒంటిగంట దాకానే ఉంచుకుంటామని తల్లిదండ్రులకు చెప్పేస్తారు. పద్నాలుగు మంది పిల్లలకు మేమిద్దరమే. ఒక్క పిల్ల తిరిగితే అందరూ లేస్తారు. నియమం కఠినమే కానీ అన్యాయం కాదు.

మెర్సీకి అప్పుడు రెండేళ్లు నిండి వారం. వాళ్లమ్మ రాణి ఒక దవాఖానలో నర్సు. తండ్రి లారీ నడుపుతాడు, నెలలో ఎక్కువ రోజులు రోడ్డు మీదే. సగం పూటకు ఒప్పుకుంటే రాణి ఉద్యోగం సాగదు. లేదంటే మెర్సీని డోర్నకల్‌లో అమ్మమ్మ దగ్గర వదిలి, ఆదివారాలు వెళ్లి చూసి రావాలి. మంచానికి మార్చిన రోజు పొద్దున రాణి నన్ను పక్కకు పిలిచింది. "చెల్లె, జర నువ్వే సూస్కో. ఆడ ఇడిసిపెడితే నా బిడ్డ నన్ను మర్చిపోతది" అంది. నేను సరేనన్నాను. అలా అనకుండా ఉండాల్సిందని మధ్యాహ్నానికే అనిపించింది.

మాకు నేర్పిన పద్ధతి ఇది: పిల్ల మంచం దిగిన ప్రతిసారీ కోప్పడకుండా, నవ్వకుండా, మాటలు పెట్టుకోకుండా ఎత్తుకొచ్చి పడుకోబెట్టాలి. జోకొట్టాలి. నవ్వితే ఆట అనుకుంటుంది, కోప్పడితే ఏడుస్తుంది. మొదటి రోజు మెర్సీ పంతొమ్మిది సార్లు దిగింది. మూడో రోజు ఇరవై మూడు. ఆరో రోజు ఇరవై ఆరు. తగ్గాల్సింది పెరుగుతోంది. గ్రంథాలయం నుంచి తెచ్చుకున్న శిశు పోషణ పుస్తకంలో సొంత గది ఉన్న పిల్లల గురించే రాసి ఉంది. పద్నాలుగు మంచాల హాలు గురించి ఒక్క ముక్క లేదు. సిటీ బస్సులో కూర్చున్నా చిన్న పాదాలు టపటపమని నేల మీద పడుతున్నట్టే వినిపించేది.

సమ్మక్క మాత్రం నవ్వేది. "ఏందే మెర్సమ్మా, మీ అమ్మ లెక్క వార్డు రౌండ్లకు పోతానవా? పేషెంట్లందరు మంచిగనే ఉన్నరు, పండుకో" అనేది. నా ముఖం చూసి, "నువ్వు ఫికర్ చెయ్యకు పిల్లా, గింత పిల్లకే గిట్లైతే రేపు నీ పిల్లలకేం చేస్తవ్?" అని కూడా అనేది. ఆ మాటకు నేను రిజిస్టర్‌లోకి తల దించుకునేదాన్ని.

పదకొండో రోజు మధ్యాహ్నం సమ్మక్క ఒక బాబుకు బట్టలు మారుస్తోంది. నేను రిజిస్టర్ రాస్తున్నాను. రెండు వరుసలు రాసి తల ఎత్తేసరికి మెర్సీ మంచం ఖాళీగా ఉంది. బాత్రూంలో చూశాను, లేదు. వంటగది తలుపు వేసే ఉంది. బయటి గదిలోకి పరిగెత్తాను. మెట్ల వైపు తలుపు మూసే ఉంది, కానీ గడియ పెట్టలేదు. ఆ గడియ పెట్టాల్సింది నేను. తలుపు తీయడానికి చెయ్యి చాపాను. అప్పుడు పక్కనున్న చెప్పుల స్టాండు కదిలింది. దాని వెనక, తలుపు సందుకు నుదురు ఆనించి నిలబడి ఉంది మెర్సీ.

ఏడవడం లేదు. నేను ఎత్తుకోగానే రెండు కళ్లూ గట్టిగా మూసి, వెంటనే తెరిచి, తలుపు వైపు వేలు చూపించింది. "లేషిన. అమ్మ?" అని అడిగింది.

పడుకోబెట్టేటప్పుడు మేం ప్రతి పిల్లకూ చెప్పే మాట ఒకటుంది: "పండుకో బంగారం, లేవంగనే అమ్మొస్తది." సమ్మక్క పద్దెనిమిదేళ్లుగా అంటున్న మాట. నేను చేరిన వారంలోనే నేర్చుకున్నాను. అమ్మలు వచ్చేది సాయంత్రం ఐదున్నరకు. కాట్‌లో ఉన్న పిల్ల లేచి ఊచలు పట్టుకుని ఏడుస్తుంది, మేం పాలిస్తాం, మరిచిపోతుంది. మంచం మీది పిల్లకు అడ్డం లేదు. మెర్సీ కళ్లు మూసుకుంది, తెరిచింది. అంటే లేచినట్టే. ఇక అమ్మ వచ్చి ఉండాలని తలుపు దగ్గరికి వెళ్లింది.

ఆ సాయంత్రం డైరీ తిరగేశాను. దిగిన ప్రతిసారీ ఆమె వెళ్లింది తలుపు వైపే. ఒక్కసారి కూడా బొమ్మల వైపు వెళ్లలేదు. దిగేముందు కళ్లు మూసుకుంటున్న సంగతీ నేను గమనించి రాసుకున్నాను. దాని పక్కన "నిద్ర నటిస్తోంది" అని ఆరు చోట్ల రాశాను. ఆ పిల్ల మేం చెప్పింది చెప్పినట్టు చేస్తోంది. నేనేమో ఇంకే మాటా లేకుండా ఎత్తుకొచ్చి మళ్లీ అదే మాట చెప్పి పడుకోబెడుతున్నాను.

మర్నాడు సమ్మక్కకు చెప్పడానికి నాకు టిఫిన్ వేళ దాకా పట్టింది. ఆమె విని టిఫిన్ డబ్బాకు మూత పెట్టేసింది. "అంటే పద్దెనిమిదేండ్ల సంది నేను పిల్లలకు అబద్దాలే చెప్పిన్నా?" అంది. "చెప్పిననే అనుకో. మరి గిప్పుడేం చెప్దమంటవ్?" అని తనే అడిగింది. మేడంకు గడియ సంగతి కూడా చెప్పాను. ఆమె రిజిస్టర్ తెప్పించి, నా పేరు ఎదురుగా ఎర్రసిరాతో ఆ పొరపాటు రాసింది. గడువు మాత్రం మారదంది. ఇంక నాలుగు రోజులు.

కొత్త మాట నేనే తయారు చేశాను. "పండుకో. గంట కొట్టినంక పాలు. పాలు తాగినంక ఆట. ఆట అయినంక అమ్మ." రోజూ అదే వరుస. మూడింటికి గంట కొట్టి పాల గ్లాసు ఇచ్చేటప్పుడు "పాలు" అనాలి. ఐదున్నరకు తలుపు దగ్గరికి నేనే తీసుకెళ్లి "ఇప్పుడు అమ్మ" అనాలి. "రైల్ల స్టేషన్లు చెప్పినట్టు చెప్తానవ్" అంది సమ్మక్క. కానీ తనూ మిగతా పిల్లలకు అదే చెప్పడం మొదలుపెట్టింది.

మెర్సీ నమ్మలేదు. పన్నెండో రోజు ఇరవై నాలుగు సార్లు దిగింది. పదమూడో రోజు పదకొండుకు తగ్గింది. అయితే ఆ సాయంత్రం దవాఖానలో తన తర్వాతి డ్యూటీ నర్సు ఆలస్యం కావడంతో రాణి ఆరుంబావుకు వచ్చింది. అప్పటిదాకా మెర్సీ తలుపు ముందే కూర్చుంది. నేనూ పక్కనే కూర్చున్నాను. పద్నాలుగో రోజు మళ్లీ పద్దెనిమిది సార్లు. ఆ రోజు రాణి ఎవరినో బతిమాలి ఐదున్నరకు ఐదు నిమిషాల ముందే మెట్లెక్కింది.

పదిహేనో రోజు ఒంటిగంటకూ ఒకటిన్నరకూ మధ్య నాలుగుసార్లు దిగింది. ఆ తర్వాత మంచం మీద పడుకుని ఫ్యాను చూస్తూ ఉండిపోయింది. రెండు గంటలప్పుడు ఒక పాదం నేలకు ఆనించింది. నేను కుర్చీలోంచి సగం లేచాను. "పాలు?" అని మెల్లగా అడిగింది. "గంట కొట్టినంక" అన్నాను. పాదం వెనక్కి తీసుకుంది. మూడింటి దాకా నిద్రపోలేదు, దిగనూ లేదు.

రిజిస్టర్‌లో రెండే గడులు: "నిద్రపోయింది", "లేచి తిరిగింది". మొదటి గడిలో టిక్కు పెడితే అడిగేవాళ్లెవరూ లేరు. రెండు గడులకూ అడ్డంగా, "చివరి గంటన్నర నిద్రపోలేదు. మంచం మీదే ఉంది" అని రాసి మేడం గదికి తీసుకెళ్లాను. నిద్రపోలేదు కదా అని అడిగింది మేడం. లేదన్నాను. ఎవరినైనా లేపిందా అని అడిగింది. లేదన్నాను. కాసేపు ఆ వాక్యాన్నే చూసి, కింద సంతకం చేసింది.

సాయంత్రం రాణికి చెబితే, "మొత్తం పూటనా?" అని రెండుసార్లు అడిగింది. "మొత్తం పూటనే. ఇగ నువ్వు మాత్రం టైముకు రా" అంది సమ్మక్క, మెర్సీకి చెప్పులు తొడుగుతూ.

నేను మానేసేలోగా ఇంకా కొందరు పిల్లల్ని కాట్ నుంచి మంచానికి మార్చాను. ఎత్తుకొచ్చి పడుకోబెట్టే పద్ధతి మార్చలేదు. చెప్పే మాట ఒక్కటే మార్చుకున్నాను. ఊచల వెనక ఉన్న పిల్లకు ఏం చెప్పినా చెల్లిపోతుంది. మంచం దిగగలిగిన పిల్ల మనం చెప్పింది నిజమో కాదో నడిచి వెళ్లి చూసుకుంటుంది. అందుకే జరుగుతుందని నాకు కచ్చితంగా తెలిసినదే చెప్పేదాన్ని. దానివల్ల పిల్లలు త్వరగా నిద్రపోయారని చెప్పలేను. తలుపు దగ్గరికి వెళ్లడం మాత్రం తగ్గింది.