గీత తరువాతి అంకె

లుబుంబాషి నగరంలోని మా పేటలో పిండి సంచుల గుడ్డపై బొమ్మలు వేసి జీవించిన కలెంగాకు అక్షరాలు రావు. అతడు ఎక్కువగా వేసినది ఒకే బొమ్మ: నేలపై బోర్లా పడుకోబెట్టిన మనిషి, అతనిపై కొరడా ఎత్తిన పోలీసు, పక్కన పైపు కాలుస్తూ తెల్లదొర. పేటవారు దానిని పెళ్లి ఫోటోల సరసన తగిలించుకునేవారు. బొమ్మ కింద మాటలు వ్రాసిపెట్టేది నేను. పేట కార్యాలయంలో ఉత్తర్వులకు నకళ్లు వ్రాయడం నా ఉద్యోగం.

1974లో ఒక ఉదయం నేను కుంచె ముంచుతుండగా, “పెద్దాయనా, ఇవాళ తేదీ ఎంత?” అని కలెంగా అడిగాడు. చెప్పాను. ‘వలసపాలన, 1885–1960’ అని వ్రాయవలసిన చోట, ప్రతి కాగితంపైనా ఆనాటి తేదీ వేసే నా చేయి గీత తరువాత 1974 అని వేసింది. అతడు చూసి ఊరకున్నాడు. అంకెలు మాత్రం అతనికి బాగా తెలుసు.

నెల తిరగకముందే పేటాధికారి కిలుఫ్యా కలెంగాను పిలిపించి, ఆ గుడ్డను తన బల్లపై పరిపించాడు. అందరినీ ‘పౌరుడా’ అనే పిలవవలసిన రోజులవి.

“ఏం పౌరుడా, దొరలు పోయి పధ్నాలుగేళ్లయింది. నీ బొమ్మలో ఇంకా కొడుతూనే ఉన్నారే? కొట్టేది నేనా?”

“నేనన్నానా అండీ? వాడి మొహం టోపీ కింద ఉంది. తమరికెందుకొచ్చింది అనుమానం?”

“నోరు ముయ్యి. ఈ నాలుగుకి కొక్కెం ఉంది. ఇలాంటిది నేను రోజూ మా ఆఫీసు నకళ్లలో చూస్తుంటా.”

పక్క బల్ల దగ్గర నకలు వ్రాస్తున్న నా వైపు అధికారి చూపు తిరిగింది.

“పెద్దాయన రాసింది అరవయ్యేనండీ. ఆయన చేతిరాత చూసి నేనే డెబ్బైనాలుగని దిద్దా,” అన్నాడు కలెంగా.

అది అబద్ధం. అతనిని పదకొండు రోజులు నిర్బంధించారు. ఆ ఉత్తర్వుకు నకలు వ్రాసినది నేనే, నోరు విప్పలేదు. నన్ను కాపాడాడో, తన పన్నాగానికి నా చేతిని వాడుకున్నాడో తేల్చుకోలేకపోయాను.

విడుదలైన మరునాడే కొత్త గుడ్డ తెచ్చాడు. నేను ‘1885’ వ్రాసి, పక్కన గీత గీయగానే నా మణికట్టు పట్టుకున్నాడు.

“ఆపండి. తరవాతది కొన్నవాళ్లే వేసుకుంటారు. ఖాళీ మీద కేసు పెట్టడం మీ ఆఫీసుకి వచ్చా?”

“నిజం చెప్పు. ఆ రోజు తేదీ కావాలనే అడిగావా?”

అతడు నవ్వాడు.

“ఇవాళ తేదీ ఎంత, పెద్దాయనా?”

నేను చెప్పలేదు.