పై బాణం మీద బొట్టు

మొన్న ప్రొద్దుటూరు బజారులో పాత టీవీలు బాగుచేసే అంగడి ముందు నుంచి పోతుంటే వేడెక్కిన దుమ్ము వాసన గుప్పుమని తగిలి, చిన్నప్పటి మా బట్టల అంగడి వెనక గది, ఆ గదిలో పొట్ట ముందుకు పెట్టుకుని కూర్చున్న తెల్ల కంప్యూటరు కళ్ల ముందుకొచ్చాయి.

అన్న చదువుకని జమ్మలమడుగు మామ ఒకాయన తెచ్చి బిగించిన ఆ పెట్టెలో మాకు తెలిసిన చదువల్లా కార్ల పందెమే. ఓడినవాళ్లు కుర్చీ దిగాలన్నది అన్న పెట్టిన రూలు. ఆరో తరగతి చదివే నేను ఇలా కూర్చుని అలా దిగేదాన్ని. దసరా సెలవులు రాగానే వాడు తెగేసి చెప్పాడు.

"బడి తెరిచేలోపల ఒక్క పందెమన్నా గెల్చు. లేకుంటే మళ్లా ఈడికి రావాకు."

నాకు ఒళ్లు మండింది. గెలిచి తీరాలనుకున్నాను.

వీధుల్లో మేళాలు, అమ్మవారి అలంకారాలు, వంటింట్లో నెయ్యి కారే ఓళిగలు, ఇవేవీ నాకు పట్టలేదు. ఆయుధపూజ నాడు అవ్వ గజంబద్దకు, కత్తెరకు, కుట్టుమిషనుకు బొట్లు పెట్టి, కంప్యూటరు దగ్గరికొచ్చి, "మీరెప్పుడూ దీన్నే కదా నొక్కేది" అంటూ పై బాణం మీట మీద తడికుంకుమ దండిగా మెత్తింది. తెల్లారేసరికి అది లోపలికి కారి, ఎండి, మీట బిగుసుకుపోయింది. కారు ముందుకు పోయేది ఆ మీటతోనే. పిన్నీసుతో గీకబోయాను.

"దేవుని బొట్టు గీకుతాండావేందే? దానంతకదే రాలిపోవాల!" అని అవ్వ గద్దించింది.

"ఇంగేం పందెం! బాగుచేసే మామ వచ్చేది సెలవులైనాకనే" అని నవ్వి, అన్న బ్యాటు తీసుకుని పోయాడు.

నేను కదల్లేదు. ఆట మొదట్లో కనిపించే ఇంగ్లీషు మాటలు, మేమెప్పుడూ దాటుకుని పోయేవి, అర్థం కాకపోయినా ఒక్కొక్కటే తెరిచి చూశాను. ఒకదాంట్లో బాణాల పేర్లు వరసగా కనిపించాయి. అందులో పై బాణం పేరు తీసేసి దాని చోట 'ఎ' అక్షరం నొక్కాను. కారు కదిలింది! మధ్యాహ్నం దాకా ఓడాను, అన్నం తిని మళ్లీ ఓడాను, చివరికి గెలిచాను.

అన్న వచ్చి నోరెళ్లబెట్టాడు.

"యాడ నొక్కుతాండావే?"

"చెప్పను."

"సరే, దిగు."

"దిగను. గెల్చినా."

వాడు నా వెనకే నిలబడి చీకటి పడేదాకా చూశాడు.

అవ్వ పోయి చాలా ఏళ్లయింది. ఆ గదిలో ఇప్పుడు రెడీమేడ్ చొక్కాల అట్టపెట్టెలున్నాయి. అన్న ఫోను వాడిది, నా ఫోను నాది, పిల్లల ఆటలు పిల్లలవి. నేను ఇప్పటికీ ఆడతాను, గెలుస్తాను కూడా. కానీ కుర్చీ కోసం ఎవరూ వెనక నిలబడకుండా గెలిస్తే నాకు గెలిచినట్టే ఉండదు.