హైడ్రాలిక్ క్లచ్‌లో నేను పోసిన నూనె

మా షెడ్డు నార్కట్‌పల్లిలో హైవే పక్కనే. మా ఆయన ట్రాక్టర్లూ కార్లూ బాగుచేసే మెకానిక్. నేను షెడ్డు వెనక గదిలో వంట చేసుకుంటూ, పిలిచినప్పుడు వచ్చి పెడల్ తొక్కే మనిషిని. నవ్వకండి, అదీ పనే. బ్రేకుల్లో గాలి తీయాలంటే ఒకరు బండి కింద పడుకుని చిన్న నట్టు వదులు చేయాలి, ఒకరు పైన కూర్చుని తొక్కాలి. "పట్టు" అన్నాక "విడువు" అనేదాకా కాలు తీయకూడదు. తీస్తే పోయిన గాలి మళ్లీ లోపలికే వస్తుంది. పెళ్లైన కొత్తలో ఒకసారి అలా తీసి ఎన్ని మాటలు పడ్డానో! నేనూ తక్కువ తినలేదు, చేతికందిన పానా విసిరేసి లోపలికి పోయాను.

మా జిల్లాను మూడు ముక్కలు చేసిన ఏడాది, నల్లగొండ నుంచి రిటైరైన లెక్చరర్ సారు ఒకాయన తన పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారును లారీ మీద తెచ్చి దింపారు. పైకప్పు లేదు, రెండే సీట్లు, కూర్చుంటే నేల మీద చాప వేసుకుని కూర్చున్నట్టే. క్లచ్ పనిచేయడం లేదు.

"ఏమే, సూసినవా? దీనికి క్లచ్ గుంజే వైరు లేదు. గిది హైడ్రాలిక్ క్లచ్!" అని మా ఆయన మురిసిపోయాడు. వచ్చిన ప్రతివాడికీ అదే మాట. కొత్త కార్లు కంప్యూటర్ తగిలిస్తే గాని నోరు విప్పవని, అవి ఇక తన చేతికి రావని కొన్నాళ్లుగా దిగులు పడుతున్న మనిషి, ఈ కారు కింద దూరాక ఈల వేయడం మొదలుపెట్టాడు. పెడల్ దగ్గరి సిలిండర్‌లో, గేర్‌బాక్స్ పక్క సిలిండర్‌లో సారు తెచ్చిన కొత్త రబ్బర్లు వేశాడు. నేను తొక్కాను. గాలి పోయి పెడల్ గట్టిపడింది.

మర్నాడు నకిరేకల్ పోతూ, "క్లచ్ డబ్బీల ఆయిల్ తగ్గితే జర పొయ్యి" అని చెప్పి పోయాడు. చూస్తే కొంచెం తగ్గింది. షెడ్డులో బ్రేక్ ఆయిల్ సీసా ఉంది, ట్రాక్టర్ లిఫ్టుకు పోసే హైడ్రాలిక్ ఆయిల్ క్యాన్ ఉంది. ఇది హైడ్రాలిక్ అని వారం రోజులు చెవిలో ఇల్లు కట్టుకుని మరీ చెప్పాడు కదా! బ్రేకుది క్లచ్‌కెందుకు అనుకుని క్యాన్ వంచి నిండా పోశాను. ఈ క్లచ్‌లోనూ పోయాల్సింది బ్రేక్ ఆయిలేనట. పేరుకు ఆయిల్ అంటారే గాని అది నూనె కాదట, నిజం నూనె తగిలితే ఆ రబ్బర్లు ఉబ్బిపోతాయట. నాకెవరు చెప్పారు?

రెండు రోజులకు తొక్కిన పెడల్ పైకి రాలేదు. మా ఆయన డబ్బీలోది సిరంజితో లాగి గాజు సీసాలో పోసి, వెలుతురుకు పెట్టి చూశాడు. రెండు పొరలుగా విడిపోయి ఉంది. ఈల ఆగిపోయింది. నా వైపు చూడకుండా ఫోన్ తీశాడు.

"సార్, రబ్బర్లు ఉబ్బినయ్. వేరే ఆయిల్ పడ్డది. తప్పు నాదే."

పోసింది నేను కదా! అప్పుడే చెప్పాల్సింది. వాగుడుకాయనని పేరున్నదాన్ని, ఆ రోజంతా వెనక గదిలోంచి బయటికే రాలేదు.

పొద్దున్నే సారు వచ్చారు. "ఏ ఆయిల్ పొయ్యాల్నో ఎర్క లేకుంటే ఎట్లనయ్యా? లారీ పిలిచిన. హైదరాబాద్ తీస్కపోత."

"అట్లనే సార్" అని మా ఆయన గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. అప్పటికే తుడిచిన చేతులు. ఆ మాట ఈయన మీద ఉండగా ఆ కారు వెళ్లిపోతే ఈయన మళ్లీ ఇంకే కారు ముట్టడని నాకు తెలుసు.

"ఆగుండ్రి సారూ! ఆయన పొయ్యలే, నేను పోసిన. హైడ్రాలిక్ అన్నడని ట్రాక్టర్‌ది పోసిన. ఆయన అప్పుడు ఈడ లేనే లేడు."

సారు మా ఆయన వైపు తిరిగారు. "మరి నీ తప్పని ఎందుకు చెప్పినవ్?"

"పొయ్యమన్నది నేనే గద సార్. ఏది పొయ్యాల్నో చెప్పలే."

సారు లారీవాడికి ఫోన్ చేసి వద్దన్నారు. హైదరాబాద్‌లో వేయించాలని తెచ్చిన ఇంకో రబ్బర్ల కిట్, కొత్త రబ్బరు గొట్టం సంచీలోంచి తీసి ఇచ్చారు. మా ఆయన మధ్యాహ్నం దాకా పైపులు స్పిరిట్‌తో కడిగి అన్నీ మళ్లీ బిగించాడు.

గాలి తీసే వేళ సారు సీటు దగ్గరికి వచ్చి, "నేను తొక్కనా?" అన్నారు.

"వద్దు సార్. ఆమె కాలుకు ఎర్క" అంది కారు కింది గొంతు.

చీర సర్దుకుని కూర్చున్నాను. సారు చాయ్ తాగడానికి అటు పోగానే కిందికి వంగి అడిగాను. "నేనని నీకు ముందే ఎర్కనా?"

"సీసా సూడంగనే ఎర్కైంది."

"మరి అడుగవైతివి?" నాకు ఏడుపూ కోపమూ ఒకేసారి వచ్చాయి.

"అడిగితే మల్ల నువ్వు పెడల్ మీద కాలు పెడ్తువా?" అన్నాడు. "తొక్కు."

తొక్కాను.

"పట్టు."

పట్టాను. కళ్లు తుడుచుకున్నా గాని, విడువు అనేదాకా కాలు కదపలేదు.