చింతపండులో నానిన తూటా డొప్పలు

మొన్న మా కోడలు ఇత్తడి చెంబుకి చింతపండు గుజ్జు పట్టించి టీవీ ముందు కూర్చుంది. నేను మోకాళ్ల నొప్పి కూడా మరిచి, లేచి వెళ్లి చెంబు కడిగేశాను. "అదేంటత్తయ్యా, ఇంకాసేపుంటే ఇంకా మెరుస్తుంది కదా" అంది. మెరుస్తుంది, నిజమే. ఆ మెరుపుతోనే ఒక పెద్దాయన చెయ్యి పోగొట్టబోయానని ఆ పిల్లకేం తెలుసు.

నేను షార్జాలో ఇంటిపనికి కుదిరిన రోజులవి. మా చిన్నాడు అప్పటికింకా పలక పట్టలేదు. ఇంటి యజమానిని బాబా అనేదాన్ని. పోలీసుల్లో చేసి దిగిపోయినాయన. శుక్రవారం తెల్లారగానే జీపులో ఎడారికి పోయి, ఖాళీ పాలడబ్బాలు వరసగా పెట్టి పిస్తోలుతో కొట్టడం ఆయన సరదా, మా ఊరి ముసలాళ్లకి పేకాటలాగ. పేలిన తూటాల ఇత్తడి డొప్పలు ఒక్కటి వదలకుండా ఏరుకొచ్చేవాడు. వెనక గదిలో చేతిపిడి ఉన్న చిన్న మర ఒకటి ఉండేది. దాంతో ఆ డొప్పల్లోనే మళ్లీ మందు నింపి, కొత్త గుండు బిగించేవాడు. ఒక డొప్ప చాలాసార్లు పనికొస్తుందట. ఎప్పుడు పనికిరాదో కనిపెట్టడమే అసలు విద్య. మూతి దగ్గర వెంట్రుకంత బీటగానీ, అడుగు పక్కన తెల్లటి గీతగానీ కనిపిస్తే అవతల పారెయ్యాలి. లేకపోతే అది చేతిలోనే పగలొచ్చు. ఏరడానికి నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, కంటికి ఆననిది చెవికి దొరుకుతుందని నాలుగు డొప్పలు గుప్పిట్లో ఆడించి చూపించాడు. గట్టివి గజ్జెల్లా మోగాయి. బీటవారింది ఒకటి కలిపితే ఎవరో దగ్గినట్టు మోగింది. సంతలో కొట్టి చూడకుండా కుండ కొన్న ముఖమా నాది? వారం తిరిగేసరికి ఆయనకంటే నేనే ముందు పట్టేదాన్ని. ఇంటావిడ మాత్రం, ఇక వంట కూడా పిస్తోలే చేస్తుందా అని సాధించేది.

తుడవడానికి పొడిగుడ్డ చాలనేవాడు బాబా. నాకు చాల్లేదు. ఒక వారం ఆయన పాత స్నేహితుడు కూడా వస్తున్నాడంటే, మసిబారినవి ముందు పెట్టడం నామర్దా అనిపించింది. రోలా బజారులో కొన్న చింతపండు పిసికి, బుధవారం పొద్దున్నే అందులో నానబెట్టాను. ఇంతలో చుట్టాలు దిగారు. వాళ్ల అన్నాలు, టీల గొడవలో డొప్పల సంగతే మరిచిపోయాను. గురువారం మధ్యాహ్నం తీసి చూస్తే, పసుపు పోయి గులాబీ రంగుకి తిరిగాయి. తోమితే మెరిశాయి. ఆడిస్తే గజ్జెల్లానే మోగాయి. చెవి బాగున్నాయంటోంది, కన్ను ఒప్పుకోవడం లేదు.

బాబా కళ్లజోడు కూడా పెట్టుకోకుండా, ఆ మెరుపు చూసి మాషా అల్లా అనుకుంటూ మర ముందు కూర్చున్నాడు. నా పాస్‌పోర్టు ఆయన బీరువాలో ఉంది. చెబితే ఇంటికి పంపేస్తాడేమో. చెప్పకపోతే? పిడి మీదున్న ఆ చెయ్యి చూశాక నోరు ఆగలేదు.

"బాబా, మత్ భరో. ఇమ్లీ మే రఖా, కల్ సే" అని, మందు నింపొద్దని, చింతపండులో నానబెట్టి మరిచిన సంగతంతా నాకొచ్చిన హిందీలో చెప్పేశాను.

కళ్లజోడు పెట్టుకుని, ఒకదాని మూతిని పటకారుతో నొక్కాడు. వంగాల్సిన ఇత్తడి, పులుపు తిని గుల్లయిపోయి, అప్పడంలా విరిగింది. ఇంకోటి నొక్కాడు, అదీ అంతే. తర్వాత మొత్తం చెత్తడబ్బాలో పోసి "ఖలాస్" అన్నాడు. ఆ శుక్రవారం ఎడారి లేదు. స్నేహితుడొచ్చి, మిగిలిన చింతపండుతో నేను కలిపిన పులిహోర తిని వెళ్లాడు.

శనివారం బాబా ఇంకో సంచెడు డొప్పలు తెచ్చి నా ముందు కుమ్మరించాడు. "తూ హీ దేఖ్" అన్నాడు, నువ్వే చూడు అని. ఇకమీదట మెరిపించొద్దని, మసి ఉంటేనే డొప్ప వయసు తనకి తెలుస్తుందని కూడా అన్నాడు.

ఇదంతా కోడలికి చెబుతూ చెంబు తుడిచి, వేలితో కొట్టి చూశాను. గంటలా మోగింది. లేవబోతే నా మోకాళ్లు మాత్రం దగ్గినట్టు మోగాయి. ఎన్నిసార్లు నిండి ఖాళీ అయిన డొప్పనో నేను, ఇంకొన్నాళ్లు పనికొస్తానేమో చూడాలి.